లెక్కలు రానివారు ఇంజనీరింగు చదువవచ్చునా?

పరీక్షల ఫలితములు వెలువడిన దినములలో మన గ్రామములందు ఏ అరుగుమీద నలుగురు కూడినను ఒకే ప్రశ్న వినవచ్చును: "మీ పిల్లవాణ్ణి ఎందులో చేర్పిస్తున్నారు?" పెక్కు ఇండ్లలో ఈ ప్రశ్నకు సమాధానము సిద్ధముగనే యుండును: "ఇంజనీరింగు." మంచిదే. చెరువు తూము మొదలు చేతిలోని సెల్ ఫోను వరకు ఇంజనీరు ఆలోచన సోకని వస్తువు మన నిత్యజీవితమున అరుదు. తన బిడ్డ ఇంజనీరు కావలెనని రైతు కోరుట గర్వింపదగిన కోరికయే.

కాని అదే ఇంటిలో, వంటింటి గడపవద్ద, మరియొక మాటయు వినిపించును. "నాన్నా, నాకు లెక్కలంటే భయం. ఫిజిక్సు అసలే అర్థం కావడం లేదు" అని బిడ్డ యనును. "ఊళ్లో అందరి పిల్లలూ చదవడం లేదా తల్లీ? చేరితే అదే వస్తుంది" అని తండ్రి యనును. ఇరువురి మాటలలోను కొంత నిజము కలదు. ఇరువురి మాటలలోను కొంత పొరపాటు కలదు. తొందరపడి చేరి నాలుగేండ్లును, తండ్రి సొమ్మును పోగొట్టుకొన్నవారు మన గ్రామములలో నున్నారు. లేని భయముచే మానుకొని పిదప చింతించువారును ఉన్నారు. ఈ రెండు నష్టములును నివారింపదగినవే. ఎట్లు నివారింపవలెనో ఈ వ్యాసమున విచారింతము.

ఇంజనీరింగునకు లెక్కలు ఎందుకు?

మొదట మనకు తెలిసిన పనితోనే ఆరంభింతము. 3 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల మందము గల కొయ్య పట్టెను ఇంటి కప్పునకు వేయునపుడు ఏ వడ్రంగియు దానిని పరచి వేయడు. నిలువుగా నిలిపియే వేయును. ఏలయని అడిగినచో, "అట్లా వేస్తేనే బలం" అని చెప్పును. అతడు చెప్పినది సత్యము. ఎంత బలము? దీనికి సమాధానము చెప్పునది గణితము.

పట్టె బలము దాని వెడల్పును, లోతుయొక్క వర్గముతో గుణించిన లబ్ధమును అనుసరించియుండును. నిలిపినపుడు 3 × 6 × 6 = 108. పరచినపుడు 6 × 3 × 3 = 54. కావున నిలిపిన పట్టె రెట్టింపు బరువు మోయగలదు. ఇక వంగకుండుట లోతుయొక్క ఘనమును అనుసరించును. నిలిపినపుడు 3 × 6 × 6 × 6 = 648; పరచినపుడు 6 × 3 × 3 × 3 = 162. అనగా అదే బరువునకు నిలిపిన పట్టె నాలుగవ వంతు మాత్రమే వంగును. కొయ్య అదే, కూలి అదే; నిలుపుటలోనే ఇంత భేదము కలదు.

మరియొక ఉదాహరణము. 20 మీటర్ల లోతునుండి సెకనుకు 10 లీటర్ల చొప్పున నీరు పైకి తోడవలెను. ఎంత మోటారు కావలెను? 10 లీటర్ల నీరు 10 కిలోగ్రాములు. దానిని 9.8 చేతను, 20 చేతను గుణించినచో 1,960 వాట్లు వచ్చును. పంపులోను, గొట్టములలోను నూటికి 40 పాళ్లు వృథాయగునని అనుకొన్నచో మోటారునకు సుమారు 3,270 వాట్లు కావలెను. ఒక హార్సుపవరు 746 వాట్లు గనుక ఇది దాదాపు నాలుగున్నర హార్సుపవరు. కావున 5 హార్సుపవరు మోటారు సరిపోవును. ఈ లెక్క తెలియనివాడు 3 హార్సుపవరు మోటారు కొని కాల్చుకొనును. లేదా 10 హార్సుపవరు మోటారు కొని అనవసరముగ సొమ్ము వెచ్చించును.

వడ్రంగి తన అనుభవమువలన సత్యము తెలిసికొన్నాడు. తనకు అలవాటైన కొలతలవరకు ఆ అనుభవము చాలును. కాని 30 మీటర్ల వంతెన కట్టవలసినపుడు పది వంతెనలు కట్టి, వానిలో ఏది కూలునో చూచి నేర్చుకొనుట సాధ్యము కాదుగదా! 1908లో మూసీనది వరద హైదరాబాదు నగరమును ముంచివేసిన పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వరద నివారణమునకై జలాశయములు నిర్మింపవలెనని సూచించిరి. ఆ సూచనల ఫలితముగ 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియైనవి. ఎంత వాన కురియునో, అందులో ఎంత నీరు పారివచ్చునో, కట్ట ఎంత ఎత్తు ఉండవలెనో మొదటి రాయి పడకముందే లెక్కింపవలసియుండెను. చేయబోవుదానిని చేయకముందే తెలిసికొనుటకు మనుజుడు కనుగొన్న సాధనమే గణితము. ఇంజనీరునకు ఇది నాగలివంటిది. నాగలి పట్టకుండ సేద్యము నేర్చుకొనుట ఎట్లో, లెక్క ముట్టకుండ ఇంజనీరింగు నేర్చుకొనుట అట్లే.

లెక్కలు రాకుండుట తెలివి లేకుండుట కాదు

ఇంతమాత్రమున లెక్కలలో వెనుకబడిన బిడ్డ తెలివితక్కువవాడని ఎవరును అనుకొనరాదు. ఇంగ్లండు దేశమున 1791లో ఒక కమ్మరి ఇంట జన్మించిన మైకేల్ ఫారడే పుస్తకములు బైండు చేయువానివద్ద పనివాడుగ చేరెను. అతనికి బడిచదువు స్వల్పము. ఉన్నత గణితము రాదు. అయినను 1831లో అయస్కాంతమును తీగచుట్టలో కదలించి విద్యుత్తు పుట్టించు మర్మమును కనుగొనినది అతడే. నేడు మన పొలములలో తిరుగుచున్న ప్రతి మోటారునకును, జలవిద్యుత్ కేంద్రములలోని ప్రతి జనరేటరునకును అతని పరిశోధనలే మూలము.

అయితే కథ అంతటితో ముగియలేదు. ఫారడే తన మనోనేత్రముతో చూచినదానిని జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1860ల దశకమున గణిత సమీకరణములుగ వ్రాసెను. ఆ సమీకరణములనుండియే విద్యుదయస్కాంత తరంగములు ఉండవలెనని తేలినది. 1880ల దశకము చివర హెర్ట్‌జ్ వానిని ప్రయోగమున చూపించెను. రేడియో, టెలివిజను, సెల్ ఫోను ఆ దారిని వచ్చినవే. ఈ వృత్తాంతమునుండి మనము రెండు పాఠములు గ్రహింపవలెను. లెక్కలు రాకున్నను ప్రతిభ ఉండవచ్చును. కాని ఆ ప్రతిభ ఇతరులకు ఉపయోగపడు యంత్రముగ మారుటకు ఎవరో ఒకరు లెక్క వేయక తప్పదు. ఇంజనీరింగు కళాశాలలో ఆ "ఎవరో ఒకరు" విద్యార్థియే.

సీటు వచ్చుట అర్హతకు గుర్తు కాదు

"సీటు వచ్చినది గదా, చదువగలడనియే అర్థము" అని కొందరు తల్లిదండ్రులు తలంతురు. ఇది పెద్ద పొరపాటు. మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఇంజనీరింగు ప్రవేశమునకు జరుగు ఈఏపీసెట్ పరీక్షలో 160 ప్రశ్నలుండును. అందు 80 గణితమునకు, 40 భౌతిక శాస్త్రమునకు, 40 రసాయన శాస్త్రమునకు సంబంధించినవి. సాధారణ, వెనుకబడిన తరగతుల అభ్యర్థులు అర్హత పొందుటకు నూటికి 25 చొప్పున 40 మార్కులు చాలును. ప్రతి ప్రశ్నకును నాలుగు సమాధానములు ఇయ్యబడును. తప్పు వ్రాసినను మార్కులు తగ్గింపరు. ఇప్పుడు పాఠకులే లెక్కింపుడు. ప్రశ్నలను చదువకయే కన్నులు మూసికొని గుర్తులు పెట్టినవానికి సగటున నాలుగింట ఒకటి ఒప్పగును; అనగా 160కి 40. కావున అర్హత మార్కు వచ్చినంతమాత్రమున బిడ్డకు లెక్కలు వచ్చునని గాని, రావని గాని చెప్పుటకు వీలులేదు. ఖాళీగానున్న సీట్లను నింపుకొనుట కళాశాల అవసరము. బిడ్డ భవిష్యత్తు మన అవసరము. ఈ రెంటిని కలుపరాదు.

"కంప్యూటరు శాఖలో లెక్కలుండవట" అను మాటయు తరచుగ వినబడుచున్నది. అదియు సరికాదు. ఆ శాఖలో తర్కము, సంభావ్యత, వివిక్త గణితము ముఖ్యములు. నేడు అందరు చెప్పుకొను కృత్రిమ మేధకు మాత్రికలు, సంభావ్యత, కలన గణితము పునాదులు. ఎలక్ట్రానిక్సు, ఎలక్ట్రికల్ శాఖలలో గణితము మిక్కిలి యెక్కువ. సివిల్, మెకానికల్ శాఖలలో భౌతిక శాస్త్రములోని బలములు, చలనము, ఉష్ణము అడుగడుగునను ఎదురగును. శాఖ మారినచో గణితముయొక్క రూపము మారునే గాని గణితము తొలగిపోదు.

2021 మార్చిలో అఖిల భారత సాంకేతిక విద్యామండలి వెలువరించిన నియమావళిలో, ఇంటర్మీడియట్ స్థాయిలో 14 విషయములలో ఏ మూడింటిని చదివినను ఇంజనీరింగున చేరవచ్చునని యుండెను. గణితము, భౌతిక శాస్త్రము చదువనివారికి కళాశాలలో వారధి పాఠములు చెప్పవలెనని సూచింపబడెను. దానిపై విద్యావేత్తలు ఆక్షేపణలు తెలుపగా, ఇది నిర్బంధము కాదనియు, పెక్కు శాఖలకు ఆ విషయములు ముఖ్యములే యనియు మండలి వివరణ మిచ్చెను. ఇందువలన తేలినదేమన, ద్వారమువద్ద నియమము సడలింపవచ్చును; తరగతిగదిలోని పాఠము మాత్రము సడలదు.

బలహీనత మూడు విధములు

లెక్కలు రావనువారందరు ఒక్కటి కాదు. రోగము తెలియక మందు వేయరాదు గనుక మొదట ఈ భేదమును గుర్తింపవలెను.

మొదటి విధము పునాది లోపము. ఏదో ఒక సంవత్సరము బడిలో లెక్కల ఉపాధ్యాయుడు లేకపోవుట, పొలము పనులకై నెలలకొలది బడి మానుట, తెలుగు మాధ్యమమునుండి ఇంగ్లీషు మాధ్యమమునకు మారినపుడు మాట యర్థము గాక పాఠము జారిపోవుట, ఇట్టివి కారణములు. భిన్నములు రానివానికి బీజగణితము రాదు. బీజగణితము రానివానికి కలన గణితము రాదు. క్రింది మెట్టు విరిగినందున పైమెట్టు అందుట లేదు. ఇది బాగు చేయదగిన లోపము.

రెండవ విధము బట్టీపట్టుట. ఇట్టివారికి మార్కులు బాగుగనే వచ్చును. కాని లెక్కలోని అంకెలను గాక, అడుగు తీరును మార్చినచో చేయి ఆగిపోవును. ఇది పైకి కనబడని లోపమగుటచే మొదటిదానికంటె ప్రమాదకరము. మార్కుల పట్టికను చూచి మోసపోవువారు ఇచ్చటనే మోసపోవుదురు.

మూడవ విధము అనిష్టము. పునాది చక్కగ నున్నను, ఓపికతో నేర్పినను కొందరి మనస్సు ఈ విద్యయందు నిలువదు. మరియొక విద్యయందు ఉత్సాహముగ నిలుచును. ఇది రోగము కాదు, స్వభావము. నల్లరేగడిలో పండు పంటను ఎఱ్ఱనేలలో వేసి నేలను నిందింపము గదా!

మొదటి రెండు విధములవారు ప్రయత్నించి ఇంజనీరింగు చదువవచ్చును. మూడవ విధమువారిని బలవంతము చేయరాదు.

ఇంటివద్దనే ఒక పరీక్ష

బిడ్డ ఏ విధమునకు చెందునో తెలియుటకు ఈ క్రింది ప్రశ్నలను ఇచ్చి చూడుడు. ఇవి పదవ తరగతిని మించినవి కావు. కాలనియమము లేదు. కాగితము, పెన్సిలు తప్ప మరేమియు ఉండరాదు.

1. ఒక రైతునకు ముప్పాతిక ఎకరము భూమి కలదు. అందు 5 పాళ్లలో 2 పాళ్లు కూరగాయలు వేసెను. అది ఎన్ని సెంట్లు?

2. రెండు గేదెలు కలిసి దినమునకు 14 లీటర్ల పాలిచ్చును. మొదటిది రెండవదానికంటె 4 లీటర్లు ఎక్కువ ఇచ్చును. ఒక్కొక్కటి ఎంత ఇచ్చుచున్నది?

3. ఒక మీటరు కర్రను నిలిపినచో 80 సెంటీమీటర్ల నీడ పడినది. అదే సమయమున కొబ్బరిచెట్టు నీడ 12 మీటర్లు. చెట్టు ఎత్తెంత?

4. ఒక బస్సు పట్టణమునకు గంటకు 40 కిలోమీటర్ల వేగముతో వెళ్లి, అదే దారిని గంటకు 60 కిలోమీటర్ల వేగముతో తిరిగివచ్చెను. మొత్తము ప్రయాణమున సగటు వేగమెంత?

5. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 1,00,000 రూపాయలు అప్పు తెచ్చిరి. బారువడ్డీ లెక్కను నాలుగు సంవత్సరములకు వడ్డీ ఎంత?

6. నిట్టనిలువుగ పైకి విసరిన రాయి మిక్కిలి ఎత్తున ఒక్క క్షణము నిలుచును. ఆ క్షణమున భూమి దానిని లాగుచున్నదా, లేదా?

7. మన ఇంటి విద్యుత్తుతో వెలుగు పాత రకము బల్బులలో 60 వాట్లది, 100 వాట్లది కలవు. దేని తీగకు నిరోధము ఎక్కువ?

సమాధానములు: (1) 30 సెంట్లు. (2) 9 లీటర్లు, 5 లీటర్లు. (3) 15 మీటర్లు. (4) 48 కిలోమీటర్లు. 50 కాదు, ఏలయన తక్కువ వేగముతో పోయిన కాలము ఎక్కువ. (5) 96,000 రూపాయలు. (6) లాగుచునే యున్నది. లేనిచో రాయి అచ్చటనే నిలిచియుండును. (7) 60 వాట్ల బల్బునకు. నిరోధము ఎక్కువైనచో విద్యుత్తు తక్కువ పారును, కావున వెలుగును తక్కువ.

ఇందులో ఎన్ని ఒప్పులు వచ్చినవను దానికంటె ముఖ్యమైన విషయము వేరొకటి కలదు. తప్పిన ప్రశ్నను ఉపాధ్యాయునివద్ద గాని, చదువుకొన్న అన్నయ్యవద్ద గాని ఒకసారి చెప్పించుకొని, మరునాడు పుస్తకము చూడకుండ, అంకెలు మార్చి తానుగ చేయగలిగినచో ఆ బిడ్డకు లోపమున్నది పునాదిలోనే గాని బుద్ధిలో కాదు. 1, 2 ప్రశ్నలు చేసి 4, 6 ప్రశ్నలవద్ద ఆగినవానికి సూత్రములు వచ్చునుగాని ఆలోచన అలవాటు కాలేదని గ్రహింపవలెను. ఎన్నిమారులు చెప్పినను వినుటకే విసుగు చెందుచున్నచో మరియొక విద్యను గూర్చి ఆలోచించుట మేలు.

అరువది దినముల ప్రయోగము

ఒక్క పరీక్షతో బిడ్డ భవిష్యత్తు నిర్ణయింపరాదు. క్రొత్త విత్తనమును పొలమంతట చల్లకముందు ఒక మడిలో వేసి చూతుము. అట్లే ఫలితములకును, కళాశాలలు తెరచుటకును మధ్యనున్న కాలమున అరువది దినముల ప్రయోగము చేయుట మంచిది.

దినమునకు రెండు గంటలు చాలును. మొదటి ఇరువది దినములు 7, 8 తరగతుల లెక్కల పుస్తకములు: భిన్నములు, శాతములు, నిష్పత్తులు, సరళ సమీకరణములు. పెద్ద తరగతి చదివినవాడు చిన్న తరగతి పుస్తకము పట్టుటకు సిగ్గుపడరాదు. కూలిన గోడను పునాదినుండియే లేపవలెను. తరువాతి ఇరువది దినములు 9, 10 తరగతుల బీజగణితము, త్రికోణమితి, రేఖాచిత్రములు. చివరి ఇరువది దినములు భౌతిక శాస్త్రములోని చలనము, బలము, పని, విద్యుత్తు. ప్రతి దినము అయిదు లెక్కలు తాను చేయవలెను. చేసినదానిని చూచుట వేరు, చేయుట వేరు. ఈత చూచినంత మాత్రమున ఈత రాదు.

ఇంగ్లీషు అడ్డముగనున్నచో తెలుగు పుస్తకముతో విషయము గ్రహించి, పిదప అదే పాఠమును ఇంగ్లీషులో చదువవలెను. దినమునకు పది సాంకేతిక పదముల చొప్పున వ్రాసికొన్నచో అరువది దినములలో ఆరువందల పదములగును. దేశములోని ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి నిర్వహించు ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములను సెల్ ఫోనులో రుసుము లేకయే వినవచ్చును. సినిమాలు చూపు ఫోనే పాఠములును చూపగలదు.

అరువదవ దినమున మొదటి పరీక్షవంటిదే మరియొకటి పెట్టుడు. మార్కులు కొంచెము పెరిగినను, బిడ్డ తానై పుస్తకము తీయుట అలవాటైనచో శుభసూచనయే. అరువది దినములును తల్లి గదమాయించినగాని కుర్చీలో కూర్చుండనివాడు నాలుగేండ్లు కూర్చుండునని ఆశింపరాదు.

దారులు పెక్కు కలవు

ఇంజనీరింగునకు ఒక్కటే రాజబాట యున్నదని తలంపరాదు. ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. చదివి ఈఏపీసెట్ ద్వారా బి.టెక్.లో చేరుట ఒక దారి. పునాది గట్టిగనున్నవారికి ఇది సుగమము.

పదవ తరగతి తరువాత పాలిసెట్ వ్రాసి పాలిటెక్నిక్‌లో మూడేండ్ల డిప్లొమా చదువుట రెండవ దారి. చేతితో పనిచేయుచు నేర్చుకొనువారికి ఇది మిక్కిలి అనుకూలము. ఎందుకు నేర్చుకొనుచున్నామో యంత్రము కంటికెదురుగ కనబడును గనుక లెక్కయందు భయము తగ్గును. డిప్లొమాతో ఉద్యోగమున చేరవచ్చును; లేదా ఈసెట్ వ్రాసి బి.టెక్. రెండవ సంవత్సరమున చేరవచ్చును. ఆ పరీక్షలోని 200 మార్కులలో 50 గణితమునకే గలవు. మొదటి సంవత్సరపు గణితము చదువకయే రెండవ సంవత్సరమున కూర్చుండవలసివచ్చును గనుక, ఆ సెలవులలోనే ఆ పాఠములను చూచుకొనుట అవసరము.

గ్రామీణ విద్యార్థులకై 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలందు నెలకొల్పబడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయము మూడవ దారి. పదవ తరగతి తరువాత చేరినవారు ఆరు సంవత్సరములు అచ్చటనే చదువుదురు. మొదటి రెండేండ్లు పునాదికే కేటాయింపబడినవి.

ఇంటర్మీడియట్‌లో వృత్తివిద్య చదివినవారు గణిత, భౌతిక, రసాయన శాస్త్రములలో వారధి కోర్సు పూర్తిచేసి ప్రవేశ పరీక్షకు పోవచ్చును. బై.పి.సి. చదివినవారికి జీవసాంకేతిక శాస్త్రమువంటి కొన్ని బి.టెక్. శాఖలు కలవు, అయితే అచ్చటను కళాశాలలో గణితము చదువవలసియే యుండును. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను, ఫిట్టరు మొదలగు పనులు నేర్చినవారు వెంటనే సంపాదింపగలరు. మంచి ఎలక్ట్రీషియను, తప్పిన పేపర్లతో ఇల్లు చేరిన ఇంజనీరింగు విద్యార్థికంటె ఊరికి ఎక్కువ ఉపకారి యని చెప్పుటకు మేము సందేహింపము.

చేరినపిదప మొదటి సంవత్సరము

అన్నియు ఆలోచించి చేరినవారికి మొదటి సంవత్సరమే అసలు పరీక్ష. మాత్రికలు, కలన గణితము, అవకలన సమీకరణములు, భౌతిక శాస్త్రము, ఇంజనీరింగు డ్రాయింగు, కంప్యూటరు ప్రోగ్రామింగు ఆ సంవత్సరముననే ఎదురగును. మొదటి నెలలో అర్థము కాని పాఠమును మూడవ నెలవరకు దాచుకొన్నచో అది వడ్డీతో పెరుగును. ఒక పేపరు తప్పినను మరల వ్రాసికొనవచ్చును. అందులో సిగ్గు లేదు. కాని తప్పినవి పేరుకొనినచో పై సంవత్సరమునకు పోవుట ఆగును. నాలుగేండ్ల కోర్సును సాధారణముగ ఎనిమిదేండ్లలోపల ముగింపవలెనను నియమమును కలదు.

కావున చేరిన మొదటి వారమునుండియే నలుగురు మిత్రులు కలిసి చదువుట, అర్థము కానిచో అధ్యాపకుని గదికి పోయి అడుగుట అలవాటు చేసికొనవలెను. మన పల్లె పిల్లలు అడుగుటకు జంకుదురు. అడిగినవాడు ఒక నిమిషము చిన్నబోవును. అడుగనివాడు ఒక సంవత్సరము పోగొట్టుకొనును.

తల్లిదండ్రులకు ఒక మాట

పైన ఇచ్చిన అయిదవ లెక్కను పెద్దలును ఒకసారి చేసి చూడవలెను. లక్ష రూపాయల అప్పునకు నాలుగేండ్లలో వడ్డీయే 96,000 రూపాయలు. చదువు ఆరేండ్లు సాగినచో వడ్డీ 1,44,000 రూపాయలగును. అసలు అట్లే నిలిచియుండును. కావున ఎకరము అమ్మకముందు, నోటు వ్రాయకముందు బిడ్డయొక్క శక్తిని, ఇష్టమును విచారింపుడు. ప్రభుత్వ బోధనా రుసుముల పథకముల నియమములు కాలానుగుణముగ మారుచుండును. ఆ యేటి నియమములను చేరుటకు ముందే తెలిసికొనుడు. బ్యాంకు విద్యాఋణము దొరకునేమో విచారించిన పిదపనే వడ్డీ వ్యాపారి గడప త్రొక్కుడు.

"పక్కింటి పిల్ల చదువుతోంది గదా" అను మాటను మానుడు. పక్కింటి బావిలో నీరు పడినంతమాత్రమున మన దొడ్డిలోను అదే లోతున పడునని నియమము లేదు. ఆడపిల్లలకు లెక్కలు రావను పాతమాటను అంతకంటె ముందుగ మానుడు; అందులో సత్యము లేదు. వద్దని చెప్పు బిడ్డను పిరికిదని నిందింపక, "భయమా, ఇష్టము లేదా?" అని మెల్లగ అడుగుడు. భయమైనచో అరువది దినములు తోడుగ కూర్చుండుడు. ఇష్టము లేకున్నచో అరువది నిమిషములు కూర్చుండి, దేనియందు ఇష్టమో వినుడు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. లెక్కలు రానివారు ఇంజనీరింగు చదువవచ్చునా? ఇంతవరకు రాకున్నను, నేర్చుకొనుటకు సిద్ధపడినవారు నిస్సందేహముగ చదువవచ్చును. లెక్కలు నేర్చుకొనకయే గట్టెక్కవచ్చునని తలచువారు మాత్రము చేరకుండుటయే మేలు. అరుగుమీద అడిగినవారికి సమాధానము చెప్పుటకు తొందరలేదు. గడపవద్ద నిలిచిన బిడ్డకు మాత్రము, ఈ సెలవులు ముగియకముందే, ఆలోచించి సమాధానము చెప్పవలెను.